నాలుగో తరగతి చదువు: పురానాపూల్ నుంచి ఒక పరిశీలన

నాలుగో తరగతి తెలంగాణ ప్రాథమిక బడిలో చివరి నుంచి రెండో తరగతి. ఆరో ఏట ఒకటో తరగతిలో చేరిన పిల్లలు తొమ్మిదో ఏట ఇక్కడికి వస్తారు. ప్రభుత్వ బడిలో ఈ ఏడు చదవాల్సిన సబ్జెక్టులు పైకి నాలుగే: మొదటి భాష, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం. సైన్సు, సాంఘికశాస్త్రం అనే పేర్లు ఇంకా వినిపించవు. ఆ రెండూ పరిసరాల విజ్ఞానంలోనే కలిసి ఉంటాయి. ఈ నాలుగు సబ్జెక్టుల్లో పిల్లలు ఏం నేర్చుకుంటారో హైదరాబాద్ పాతబస్తీలో మూసీ ఒడ్డున ఉన్న పురానాపూల్ ప్రాంతం ఆసరాగా ఈ వ్యాసం చెబుతుంది. ఉర్దూ, తెలుగు, హిందీ మాట్లాడే ఇళ్ళు పక్కపక్కనే ఉన్న చోటు అది. నాలుగు వందల ఏళ్ళు దాటిన వంతెన, పాత నగర ద్వారం, నది, కూరగాయల మార్కెట్ అన్నీ నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాయి. నాలుగో తరగతి పుస్తకం అడిగే ప్రశ్నల్లో చాలావాటికి అక్కడ వీధిలోనే జవాబు దొరుకుతుంది.

ఈ ఏడు ప్రత్యేకత

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జీన్ ఛాల్ పిల్లల పఠనం మీద జీవితమంతా పరిశోధన చేశారు. 1983లో వెలువడిన పుస్తకంలో ఆమె చదవడాన్ని దశలుగా విడగొట్టి చూపించారు. మూడో తరగతి దాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు, నాలుగు నుంచి నేర్చుకోవడానికి చదువుతారు అన్నది ఆ విభజన సారం. మూడు దాకా బాగానే చదివినట్టు కనిపించిన పేద ఇళ్ళ పిల్లలు నాలుగులో హఠాత్తుగా వెనకబడటాన్ని గమనించి, ఆ వెనుకబాటుకు ప్రత్యేకంగా పేరే పెట్టారు. కారణం అక్షరాలు రాకపోవడం కాదు. మూడో తరగతి పుస్తకంలో కనిపించే మాటలు పిల్లల నోట్లో అప్పటికే ఉన్నవి: అమ్మ, బజారు, పిల్లి, వాన. నాలుగులో 'రవాణా', 'నివాసం', 'చుట్టుకొలత', 'ఆవిరి కావడం' వంటివి వరసగా వస్తాయి. వీటిని కూడబలుక్కుని చదవగలిగినా, అర్థం ఇంటి దగ్గర విన్నది కాదు. పుస్తకమే చెప్పాలి, లేదా టీచరు చెప్పాలి.

మన విధానాలు కూడా ఈ మలుపును గుర్తించాయి. 2020 జాతీయ విద్యా విధానం పాత 10+2 స్థానంలో 5+3+3+4 అనే అమరికను తెచ్చింది. అందులో మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిసి సన్నాహక దశ. అంటే నాలుగో తరగతి ఆ దశకు సరిగ్గా నడుమన ఉంది. తెలంగాణ పాఠ్యపుస్తకాల వెనక ఉన్నది మాత్రం ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక చట్రం. దానికి మూలం 2005 జాతీయ చట్రం. బట్టీ తగ్గించి, పిల్లల అనుభవం నుంచి పాఠం మొదలుపెట్టాలన్నది రెండింటి పట్టుదల.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. రోజుకు ఎన్ని గంటలో లెక్క కట్టడం నాలుగో తరగతి భాగహారమే. ముప్పై మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలన్నది కూడా ఆ చట్టంలోని నియమమే. అయితే పిల్లలు తక్కువున్న బడుల్లో ఒకే టీచరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పడం తెలుగు రాష్ట్రాల్లో మామూలు సంగతి. మూడో తరగతి పిల్లలు గుణింతాలు దిద్దుతుంటే పక్క వరసలో నాలుగో తరగతి వాళ్ళు పాఠం తమంతట తాము చదువుకోవాలి. నాలుగో తరగతిలో సొంతంగా చదవగలగడం అవసరమని పుస్తకాలు చెప్పకముందే ఆ గది చెబుతుంది.

భాషలు

తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు నాలుగో తరగతి నాటికి వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు వచ్చేసినట్టే లెక్క. ద్విత్వాక్షరాలు, సంయుక్తాక్షరాలు ఉన్న మాటలను ఆగకుండా చదవాలి. పాఠాల్లో కథలు, గేయాలు, శతక పద్యాలు, సంభాషణలు, లేఖలు ఉంటాయి. పిల్లలు సాధించాల్సిన వాటిని పుస్తకాలు 'విద్యా ప్రమాణాలు' అంటాయి: విని ఆలోచించి మాట్లాడటం, ధారాళంగా చదివి అర్థం చేసుకోవడం, సొంతంగా రాయడం, పదజాలం, సృజనాత్మకత, భాషాంశాలు. వ్యాకరణం పేరు పెట్టి భయపెట్టకుండా నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, ఏకవచన బహువచనాలు, కాలాలు, విరామచిహ్నాలు ఒక్కొక్కటే పరిచయం చేస్తారు. పాఠం వెనక ప్రశ్నల్లో 'ఎవరు, ఎక్కడ, ఎప్పుడు' కన్నా 'ఎందుకు, నువ్వయితే ఏం చేస్తావు' అన్నవి పెరుగుతాయి. మూడో తరగతిలో ఒక్క మాటతో సరిపెట్టిన జవాబుకు ఇక్కడ ఐదారు వాక్యాలు కావాలి. పిల్లలు మొరాయించేది ఇక్కడే. నోటితో అనర్గళంగా చెప్పిన కథ కాగితం మీదికి వచ్చేసరికి రెండు వాక్యాలై ఊరుకుంటుంది.

తప్పుల్లోనూ ఇంటి భాష కనిపిస్తుంది. తెలుగు ఇంటి పిల్లలు 'పాఠశాల'ను 'పాటశాల' అని, 'భాష'ను 'బాష' అని రాయడం సర్వసాధారణం, ఎందుకంటే వాళ్ళు వినే మాటలో ఆ ఒత్తు పలకదు. ఉర్దూ ఇంటి పిల్లలకు బ, భ తేడా చెవికి తెలుసు కనుక అక్కడ చిక్కు తక్కువ. వాళ్ళు తడబడేది ళ, ణ దగ్గర. 'కళ్ళు' 'కల్లు' అవుతుంది. ఒకే డిక్టేషన్‌లో ఇద్దరు పిల్లలకు పదేసి తప్పులు వస్తే ఆ పదీ ఒక్కటి కావు. ఒకే వైద్యం ఇద్దరికీ పనిచేయదు. పాతబస్తీలో తెలుగు చెప్పే టీచరుకు ఈ తేడా తెలిసి ఉండటం పుస్తకమంత ముఖ్యం.

ఉర్దూ మాధ్యమ బడుల్లో మొదటి భాష ఉర్దూ. ఇంట్లో పిల్లలు మాట్లాడే దక్కనీకి, పుస్తకంలోని ఉర్దూకు మధ్య దూరం ఉంది. ఇంట్లో వాడే మాట తప్పు కాదని, పుస్తకం మాట మరొకటని విడమరచి చెప్పే టీచరు దొరికిన పిల్లలు అదృష్టవంతులు. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది. మరుసటి ఏడు, 2018లో, బడులన్నిటిలో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2018-19లో ఒకటో తరగతితో, ఆరో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పైకి తీసుకెళ్ళాలన్నది దాని పద్ధతి. ఆ లెక్కన 2021-22లో అది నాలుగో తరగతికి చేరాలి. ఉర్దూ బడిలో చదివే పిల్లలు అప్పుడు మూడు లిపులను మోస్తారు. కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూ ఒకటి, ఎడమ నుంచి కుడికి సాగే తెలుగు, ఇంగ్లీషు రెండు. ప్రభుత్వ బడుల్లో హిందీ ఆరో తరగతిలో గానీ రాదు. చాలా ప్రైవేటు బడుల్లో మాత్రం ముందే మొదలవుతుంది.

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. దానికోసం ద్విభాషా పుస్తకాలు అచ్చువేశారు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. ఆంధ్రప్రదేశ్ అలాంటి పుస్తకాలను అంతకు ముందే, 2020-21లో తెచ్చింది. మాధ్యమం గురించిన వాదం ఇక్కడ తేలేది కాదు. కానీ ఈ అద్దం పేజీలు నాలుగో తరగతికి చేసిన మేలు నిజం. గణితం లెక్క ఇంగ్లీషులో అర్థం కాకపోతే పిల్లలు కన్ను పక్కకు తిప్పితే చాలు. ఇంట్లో అమ్మానాన్నలూ ఆ పేజీ చదివి సాయం చేయగలరు. ఇంగ్లీషు సబ్జెక్టులో ఈ ఏడు చిన్న పేరాలు చదవడం, ప్రశ్న పదాలు, జరిగిపోయిన సంగతిని చెప్పే క్రియారూపాలు, బొమ్మను చూసి వర్ణించడం, ఉత్తరం, పోస్టరు రాయడం ఉంటాయి.

గణితం

నాలుగంకెల సంఖ్యలు ఈ తరగతిలో నిత్యం వస్తుంటాయి. వేల స్థానం, స్థానవిలువ, పెద్దది చిన్నది, ఆరోహణ అవరోహణ క్రమాలు, తర్వాత కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం. తీసివేతలో పక్క స్థానం నుంచి 'అప్పు తెచ్చుకోవడం' కిందటి ఏడే వచ్చినా, రెండు సార్లు వరసగా అప్పు తేవాల్సిన లెక్కలు ఇక్కడే గట్టిపడతాయి. పురానాపూల్ పిల్లలకు ఇందుకు వేరే లెక్కలు కల్పించనక్కర్లేదు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఈ వంతెనను 1578లో కట్టించాడు. చార్మినార్, హైదరాబాద్ నగరం 1591 నాటివి. 1591లో నుంచి 1578 తీసేస్తే, ఒకట్లలో అప్పు తెచ్చుకుంటే, 13. నగరం కన్నా దాని వంతెన పదమూడేళ్ళు పెద్దది! మూసీకి పెద్ద వరద వచ్చింది 1908లో. అప్పటికి వంతెన వయసు 330 ఏళ్ళు. తీసివేత చేసిన పిల్లలకు చరిత్ర కూడా తెలుస్తుంది. లేని నగరానికి వంతెన ఎందుకు కట్టారని ఆ పదమూడు చూసి ఒక్కరైనా అడిగితే ఆ రోజు గణితం పీరియడు గడిచిపోయినా పరవాలేదు.

వంతెన కమానుల లెక్క మరో సరదా పని. పుస్తకాల్లో కొన్ని 22 అంటాయి, కొన్ని 23. టీచరు వెంట పిల్లలు ఒడ్డు మీంచి చూస్తూ నడిచి లెక్కపెట్టి, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారో రాసుకుంటే ఆ తగాదా వాళ్ళే తేల్చవచ్చు. గణితంలో సమస్యా సాధనతో పాటు 'కారణాలు చెప్పడం - నిరూపణ' అనే విద్యా ప్రమాణం ఉంది. దానికి ఇంతకన్నా మంచి అభ్యాసం ఏ పుస్తకంలోనూ లేదు.

భిన్నాలు ఈ ఏటి కొత్త అధ్యాయం. అర, పావు, ముప్పావు వీటిలో ముఖ్యం. వంతెన మీద ఇప్పుడు బళ్ళు తిరగవు. పక్కన కొత్త వంతెన వచ్చాక పాతది కూరగాయల మార్కెట్ అయింది. అక్కడ సంచి పట్టుకుని తల్లి వెనక నడిచిన ఏ పిల్లకైనా భిన్నాలు నోటికి వచ్చు: పావ్ కిలో, ఆధా కిలో, పౌన్, సవా, డేఢ్, ఢాయి. తెలుగులో అయితే పావు, అర, ముప్పావు, కిలోంబావు, కిలోన్నర. రాత రాదంతే. టమాటా కిలో 40 రూపాయలు అనుకుందాం. ముప్పావు కిలోకు ఎంత అని అడిగితే తొమ్మిదేళ్ళ పిల్లలు నలభైని మూడుతో గుణించి నాలుగుతో భాగించరు. అరకిలోకు ఇరవై, పావుకు పది, మొత్తం ముప్పై అని నోటిలెక్కతో చెబుతారు. అదే లెక్కను బోర్డు మీద మూడు కింద నాలుగు వేసి, పక్కన నలభై రాసి అడిగితే అదే పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఈ రెండూ ఒకటేనని తెలియజేయడమే నాలుగో తరగతి గణితం టీచరు అసలు పని. 2005 జాతీయ చట్రం తర్వాత వచ్చిన పుస్తకాలు బజారు లెక్కలతో అధ్యాయాలు నింపింది అందుకే. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పాత నాలుగో తరగతి గణిత పుస్తకంలో పాత సామాన్లు కొనే ఆవిడ మీద ఒక అధ్యాయమే ఉండేది. పావు కిలో అంటే 250 గ్రాములు, అర లీటరు అంటే 500 మిల్లీలీటర్లు అన్న మార్పులు కూడా భిన్నాల పక్కనే వస్తాయి.

కొలతల్లో మీటరు, సెంటీమీటరు, చుట్టుకొలత, వైశాల్యం. గడులు లెక్కపెట్టి వైశాల్యం చెప్పడం ఇక్కడ మొదలు. సూత్రం తర్వాతి తరగతుల్లో వస్తుంది. కొందరు ప్రైవేటు టీచర్లు తొందరపడి 'పొడవు ఇంటు వెడల్పు' ముందే బట్టీ పట్టిస్తారు. అలా నేర్చిన పిల్లలు చుట్టుకొలత అడిగినా గుణించి పెడతారు. గడియారంలో నిమిషాలు, ఉదయం సాయంత్రం, 24 గంటల పద్ధతి, రైలు టైంటేబుల్, క్యాలెండరు కూడా ఈ ఏటివే. జ్యామితిలో వృత్త కేంద్రం, వ్యాసార్ధం, వ్యాసం, పెట్టెను విప్పితే వచ్చే ఆకారం, పైనుంచి పక్కనుంచి చూస్తే వస్తువు ఎలా కనిపిస్తుందో చెప్పడం, సౌష్ఠవం. పురానాపూల్ పక్కనే ధూల్‌పేట. వినాయక విగ్రహాలకు, పతంగులకు పేరుపడిన పేట అది. పతంగి నడుమ కట్టిన నిలువు పుల్లకు అటూ ఇటూ కాగితం సమంగా లేకపోతే పతంగి ఒక పక్కకు ఒరిగి గిరికీలు కొడుతుంది. సౌష్ఠవ రేఖ తప్పితే ఏమవుతుందో అక్కడి పిల్లలకు సంక్రాంతి ముందే తెలుసు. సమాచారాన్ని పట్టికగా, కమ్మీ చిత్రంగా వేయడంతో గణితం ముగుస్తుంది.

ఎక్కాల సంగతి వేరే చెప్పాలి. ఉర్దూ బడిలో పహాడే, తెలుగు బడిలో ఎక్కాలు, రెండు చోట్లా పొద్దున్నే రాగం తీసి చదివేవే. కొత్త పద్ధతులు వీటిని చిన్నచూపు చూశాయి గానీ, అది సరికాదు. ఎక్కాలు నోటికి రాని పిల్లలు భాగహారం మధ్యలో వేళ్ళు లెక్కపెడుతూ అసలు లెక్కే మరిచిపోతారు. ఇంగ్లండులో ఈ వయసు పిల్లలకు 2022 నుంచి ఎక్కాల పరీక్ష తప్పనిసరి: 12 ఎక్కం దాకా 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఆరు సెకన్లు.

రాతలెక్కల్లో గణితం కన్నా భాషే ఎక్కువ అడ్డు. 'రజియా దగ్గర 235 గోళీలు ఉన్నాయి. రవి దగ్గర ఉన్నవాటికన్నా అవి 48 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని?' ఈ లెక్కలో 'ఎక్కువ' అన్న మాట కనపడగానే పిల్లలు కూడేస్తారు. వాళ్ళకు కూడికా తెలుసు, తీసివేతా తెలుసు. వాక్యం చదవడం తెలియదు. ఛాల్ చెప్పిన ఇబ్బంది తెలుగు పీరియడులో కన్నా ముందు గణితం నోటుబుక్కులోనే బయటపడుతుంది.

పరిసరాల విజ్ఞానం

ప్రాథమిక స్థాయిలో సైన్సునూ సాంఘికశాస్త్రాన్నీ విడదీయకుండా ఒకే సబ్జెక్టుగా చెప్పాలన్న ఆలోచన 1975 జాతీయ పాఠ్యప్రణాళిక నాటిది. 2005 చట్రం దాన్ని మూడు నుంచి ఐదు తరగతులకు స్థిరపరిచి, ఆరు అంశాల చుట్టూ అల్లింది: కుటుంబం - స్నేహితులు, ఆహారం, నీరు, నివాసం, ప్రయాణం, మనం చేసే వస్తువులు - పనులు. జాతీయ మండలి ఆ పద్ధతిలో తెచ్చిన 'లుకింగ్ అరౌండ్' నాలుగో తరగతి పుస్తకంలో 27 అధ్యాయాలు ఉండేవి. వాటిలో ఒకటి మన పోచంపల్లి మీద. దారం రంగు వేయడం దగ్గర నుంచి చీర అమ్ముడుపోవడం దాకా, నేత కుటుంబం పిల్లల మాటల్లో సాగే పాఠం అది. దేశమంతటి పిల్లలు ఏళ్ళ తరబడి తెలంగాణ గురించి చదివిన పాఠాల్లో అది ఒకటి. 2023 పాఠశాల విద్యా చట్రం ప్రకారం 2025లో ఆ పుస్తకం స్థానంలో కొత్తది వచ్చింది. తెలంగాణ ప్రభుత్వ బడులు రాష్ట్ర సంస్థ తయారుచేసిన పుస్తకాలే చదువుతాయి. అంశాలు మాత్రం ఇంచుమించు అవే.

నాలుగో తరగతి పిల్లలు పూలు, వేర్లు, పండ్ల తేడాలు గమనిస్తారు. పక్షుల ముక్కులు, గోళ్ళు, గూళ్ళు, జంతువుల చెవులు, వెంట్రుకలు, గుంపుగా బతికే జీవుల అలవాట్లు చూస్తారు. బహదూర్‌పురాలోని నెహ్రూ జూ పార్కు 1963 నుంచి ఉంది. పురానాపూల్ బడి నుంచి అది ఎంతో దూరం కాదు. అయితే గద్ద ముక్కుకూ పిచ్చుక ముక్కుకూ తేడా చూడటానికి జూ దాకా కూడా వెళ్ళక్కర్లేదు. జియాగూడ వైపు ఆకాశం చూస్తే గద్దలు, మార్కెట్లో గింజల బస్తాల దగ్గర పావురాలు కనిపిస్తాయి. ఏది దేన్ని ఎలా తింటుందో పట్టిక గీయమంటే చాలు.

ఈ సబ్జెక్టులో ముఖ్యమైన మరో అభ్యాసం, ఇంటికి వచ్చే వస్తువు మొదట ఎక్కడ పుట్టి ఎలా వచ్చిందో వెతకడం. నల్లా నీళ్ళు దీనికి మంచి ఉదాహరణ. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. లంగర్‌హౌజ్ దగ్గర రెండు నదులూ కలిసి, పడమర నుంచి తూర్పుకు సాగుతూ పురానాపూల్ కింద నుంచి వెళ్తాయి. చివరికి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. ఆ రెండు చెరువులు నీటికోసం మాత్రమే కట్టినవి కావు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోగా, దెబ్బతిన్నా నిలబడింది పురానాపూల్ ఒక్కటే. మళ్ళీ అలాంటిది జరగకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. పైన జలాశయాలు కట్టి వరదను ఆపాలన్నది ఆయన సలహా. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, ఎక్కువైతే ఏమవుతుంది, ఎవరు ఏం చేశారు అన్న మూడు ప్రశ్నలకూ ఒకే నది జవాబు చెబుతుంది. ఇప్పుడు ఆ నదిలో పారేది ఎక్కువగా మురుగు. 'నదిని ఎవరు పాడుచేశారు' అన్న ప్రశ్న పుస్తకంలోనూ ఉంది. పురానాపూల్ పిల్లలు దాన్ని ముక్కు మూసుకుని చదవాలి.

'అప్పుడు - ఇప్పుడు' మరో పాఠం: బండ్లు, నాణేలు, ఇళ్ళు, పనిముట్లు ఎలా మారాయి. దీన్ని ఇళ్ళలో తాతలను, నానమ్మలను అడిగి రాసుకురమ్మంటారు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఈ వంతెనను చూసి పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనకు అందంలో పెద్దగా తీసిపోదన్నాడు. నగరం గోడకు ఒకప్పుడు పదికి పైగా దర్వాజాలు ఉండేవి. మిగిలింది రెండే: పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. వాటి కిందుగా రోజూ బడికి వెళ్ళే పిల్లలకు 'పాత కట్టడం' అంటే ఏమిటో బొమ్మ చూపి చెప్పాల్సిన పనిలేదు. ఇల్లు, బడి, మసీదు, గుడి, మార్కెట్, వంతెన గుర్తులతో పటం గీయడం కూడా ఈ తరగతి పనే. 'పటనైపుణ్యాలు' పరిసరాల విజ్ఞానంలోని ఆరు విద్యా ప్రమాణాల్లో ఒకటి. నాలుగు దిక్కులు పాతబస్తీ గల్లీల్లో తేలిగ్గా తెలియవు. నది పారే వైపు తూర్పు అని ఒక్కటి పట్టుకుంటే వంతెన ఉత్తర దక్షిణాలుగా ఉందని, కార్వాన్ ఉత్తరాన, చార్మినార్ దక్షిణపు ఒడ్డున ఉన్నాయని పటం దానంతటదే కుదురుతుంది.

ఆడపిల్లా మగపిల్లా తేడా, బాలకార్మికులు, బడిలో కొట్టడం వంటి విషయాల మీద పిల్లలు తమ అభిప్రాయం చెప్పగలగాలని 2017 నాటి జాతీయ అభ్యసన ఫలితాలు అంటాయి. తరగతిలో ఎక్కువగా దాటేసే భాగం ఇదే. పని చేసి బడికి వచ్చే పిల్లలు అదే బెంచీ మీద ఉంటే టీచరుకు మాట రాకపోవడం సహజమే. అయినా దాటేయకూడని భాగం ఇది.

మిగిలినవి

కళలు, ఆటలు, పని విద్య, విలువలు - జీవన నైపుణ్యాలు సహపాఠ్యాంశాల కింద వస్తాయి. టైంటేబుల్లో వీటికి చోటు ఉంటుంది. పీరియడు మాత్రం తరచూ గణితానికి పోతుంది. 2020 స్కూలు బ్యాగు విధానం ప్రకారం మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల సంచి 1.7 నుంచి 2.5 కిలోలు దాటకూడదు, హోంవర్కు వారానికి రెండు గంటలకు మించకూడదు. పొద్దున ఏ ప్రైవేటు స్కూలు ఆటో వెనక వేలాడే సంచులను చూసినా ఈ నియమం ఎంత అమలవుతోందో తెలుస్తుంది.

ఇతర దేశాల్లో

ప్రపంచంలో చాలా చోట్ల నాలుగో తరగతే సొంత ప్రాంతాన్ని చదివే ఏడు. అమెరికాలో కాలిఫోర్నియా పిల్లలు ఈ తరగతిలో తమ రాష్ట్ర చరిత్ర చదువుతారు, టెక్సాస్ పిల్లలు టెక్సాస్ చరిత్ర. డల్లాస్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం పిల్లలకు అలమో కోట ముట్టడి ఈ ఏడు పాఠం. పురానాపూల్ పిల్లలకు మూసీ పాఠం. జర్మనీలోని చాలా రాష్ట్రాల్లో ప్రాథమిక బడి నాలుగో తరగతితోనే ముగిసి, పిల్లలు వేర్వేరు రకాల ఉన్నత పాఠశాలలకు విడిపోతారు. పదేళ్ళకే దారి నిర్ణయించేయడం మీద అక్కడ ఎప్పటి నుంచో వాదం ఉంది.

కొలత

మన దగ్గర విచిత్రం ఏమిటంటే ఈ తరగతిని పైనుంచి ఎవరూ కొలవరు. జాతీయ సాధన సర్వే 2017లో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు జరిగింది. 2021లో వాటికి పదో తరగతి కలిసింది. 2024లో పరఖ్ సర్వే మూడు, ఆరు, తొమ్మిది తరగతులను ఎంచుకుంది. 2005 నుంచి ప్రథమ్ సంస్థ చేస్తున్న అసర్ సర్వే పల్లెలకే పరిమితం, పాతబస్తీకి రాదు. అంతర్జాతీయంగా తరచూ పరీక్షించే తరగతుల్లో నాలుగు ఒకటి: గణితం, సైన్సులకు 1995 నుంచి టిమ్స్, పఠనానికి 2001 నుంచి పర్ల్స్. వాటిలో మన దేశం చేరలేదు. చదవడం నేర్చుకోవడం ముగిసి, నేర్చుకోవడానికి చదవడం మొదలయ్యే ఏడే మన లెక్కల్లో ఖాళీగా ఉంది. మూడో తరగతి ఫలితం చూసి సంతోషించి, ఐదో ఆరో తరగతి ఫలితం చూసి బాధపడేవాళ్ళకు మధ్యలో ఏం జరిగిందో తెలిసే వీలు లేదు.

బడిలో జరిగే కొలత నిరంతర సమగ్ర మూల్యాంకనం. పిల్లల భాగస్వామ్యం, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష కలిపి నిర్మాణాత్మక మూల్యాంకనం, వాటి పైన సంగ్రహణాత్మక పరీక్షలు, చివరికి గ్రేడు. ఈ తరగతిలో ఎవరినీ ఆపరు. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపడానికి రాష్ట్రాలకు వీలు కల్పించింది గానీ, నాలుగును ముట్టుకోలేదు. ప్రాజెక్టు పనులు మంచి ఆలోచనే. కానీ స్టేషనరీ దుకాణంలో కొన్న బొమ్మల చార్టు అతికించి తెచ్చినదానికీ, వంతెన దగ్గరికి వెళ్ళి రాసుకొచ్చినదానికీ ఒకే మార్కు వేసినంత కాలం ఆ ఆలోచన కాగితం మీదే ఉంటుంది.

నాలుగో తరగతి పిల్లలు రాసే గట్టి పరీక్ష ఒక్కటే ఉంది: గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష. నూరు మార్కుల ఆ పరీక్షలో ప్రశ్నలన్నీ నాలుగో తరగతి స్థాయివే: తెలుగు 20, ఇంగ్లీషు 25, గణితం 25, పరిసరాల విజ్ఞానం 20, మేధాశక్తి 10. పేద ఇళ్ళ పిల్లలకు హాస్టలు, చదువు రెండూ దొరికే దారి కనుక దానికి పోటీ ఎక్కువ. ఆ పరీక్ష రాయని పిల్లల సంగతి తల్లిదండ్రులే చూసుకోవాలి. అందుకు ప్రశ్నపత్రం అక్కర్లేదు. పరిసరాల విజ్ఞానం పుస్తకంలో ఇంతవరకు చెప్పని పేజీ ఒకటి తీసి, పిల్లచేత ఒకసారి చదివించి, పుస్తకం మూసి, అందులో ఏముందో ఇంటి మాటల్లో చెప్పమనండి. చెప్పగలిగితే నాలుగో తరగతి వచ్చినట్టే. చెప్పలేకపోతే ఐదులో చేరేలోపు, ఈ ఏడే, బడికి వెళ్ళి టీచరుతో మాట్లాడండి.